తెర మీద దెయ్యం, తెర వెనక పదమూడేళ్ల పాప



సెలవుల్లో పిల్లలంతా ఒకచోట చేరితే ఏదో ఒక రాత్రి దెయ్యం సినిమా పెట్టడం చాలా ఇళ్లలో మామూలే. పెద్దపిల్ల రిమోట్ పట్టుకుంటుంది, చిన్నవాడు దుప్పటి సందులోంచి చూస్తాడు. సినిమా రెండు గంటల్లో అయిపోతుంది. దాని తాలూకు భయం మాత్రం వారం పది రోజులు ఇంట్లోనే తిరుగుతుంది. బాత్‌రూమ్‌కి తోడు రమ్మంటారు. లైటు ఆర్పనివ్వరు. ఆ వారంలోనే ఒకరోజు అన్నం తింటూ తింటూ అడుగుతారు: "అమ్మా, ఆ సినిమాలో దెయ్యం పట్టిన పాప ఉంది కదా, ఆ పాపకి భయం వేయలేదా?"

"అదంతా యాక్టింగ్ లే, ముందు తిను" అని మనం దాటేస్తాం. కానీ అది చాలా మంచి ప్రశ్న. తను భయపడుతూ కూడా ఇంకో పిల్ల గురించి ఆలోచించిన బిడ్డ అడిగిన ప్రశ్న. యాన్యువల్ డే రిహార్సల్స్, టీవీ షోల ఆడిషన్లు, ఇంట్లో తీసే రీల్స్ మధ్య పెరుగుతున్న పిల్లల తల్లిదండ్రులుగా మనం కూడా అడగాల్సిన ప్రశ్న. ఈ నెల దానికి జవాబు వెతుకుదాం. అందుకోసం ఒక నిజమైన పాప కథ తెలుసుకుందాం. ఆమె పేరు లిండా బ్లెయిర్.

ఎవరీ లిండా?

లిండా 1959 జనవరి 22న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టింది. పెరిగింది కనెక్టికట్ రాష్ట్రంలోని వెస్ట్‌పోర్ట్‌లో. న్యూయార్క్‌కి అది దగ్గరి ఊరు. ఐదారేళ్ల వయసు నుంచే బట్టల కేటలాగులకు, ప్రకటనలకు మోడల్‌గా పనిచేసింది. గుర్రపు స్వారీ అంటే ప్రాణం. పెద్దయ్యాక పశువుల డాక్టర్ కావాలని కోరిక.

1971లో విలియం పీటర్ బ్లాటీ రాసిన 'ది ఎగ్జార్సిస్ట్' నవల వచ్చింది. రీగన్ అనే అమ్మాయిని ఒక దుష్టశక్తి పట్టుకోవడం, దాన్ని వదిలించడానికి ఇద్దరు క్రైస్తవ ఫాదర్లు పోరాడటం అందులో కథ. దాన్ని సినిమాగా తీయడానికి దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ వందల మంది అమ్మాయిలను పరిశీలించారు. కథలో ఆ పిల్ల అనే మాటలు, చేసే పనులు పెద్దవాళ్లే భరించలేనివి. ఒక చిన్నపిల్ల చేత ఇదంతా చేయించవచ్చా అని ఆయనకే అనుమానం వచ్చింది.

అలాంటి సమయంలో లిండాను తల్లి స్వయంగా వెంటబెట్టుకుని వచ్చారు. ఏజెన్సీ పంపిన జాబితాలో లిండా పేరు లేదు. ఈ కథ దేని గురించో తెలుసా అని దర్శకుడు అడిగితే, ఆ అమ్మాయి తడుముకోకుండా, బెదరకుండా పాఠం అప్పజెప్పినట్టు చెప్పేసింది. కథను కథలాగే చూడగలుగుతోందని ఆయన అప్పుడే నమ్మారట. ఈ సంగతిని ఆయన తర్వాత ఎన్నో ఇంటర్వ్యూల్లో గుర్తుచేసుకున్నారు. 1972లో షూటింగ్ మొదలైంది. లిండాకు అప్పుడు పదమూడేళ్లు, మన దగ్గర ఎనిమిదో తరగతి పిల్ల వయసు.

భయాన్ని ఎలా తయారు చేశారు?

అప్పట్లో కంప్యూటర్ గ్రాఫిక్స్ లేవు. తెర మీద కనిపించే ప్రతిదాన్నీ సెట్‌లో చేతులతో, యంత్రాలతో చేయాల్సిందే.

రీగన్ గదిలో మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తుంది. అందుకోసం గది సెట్ మొత్తాన్ని కోల్డ్ స్టోరేజీలాగా గడ్డకట్టే చలికి దించారు. కెమెరా వెనకవాళ్లు మంచు ప్రాంతాల్లో వేసుకునే దళసరి కోట్లు తొడుక్కుని పనిచేశారు. లిండా మాత్రం పల్చటి నైట్‌డ్రెస్‌లో ఉండాలి. కథలో పిల్ల నిద్రలేచి కూర్చున్నది అదే బట్టల్లో కదా.

ముఖం మీద గాయాలు, పాలిపోయిన చర్మం డిక్ స్మిత్ అనే మేకప్ నిపుణుడి పనితనం. రోజూ గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి. తల వెనక్కి పూర్తిగా తిరిగే దృశ్యంలో ఉన్నది లిండాను పోలిన యంత్రపు బొమ్మ. ఆకుపచ్చ వాంతి పచ్చి బఠాణీ సూప్‌లో ఓట్స్ కలిపి చేసింది. కొన్ని దృశ్యాల్లో ఐలీన్ డీట్జ్ అనే పెద్దామె లిండా బదులు నటించారు. దెయ్యం గొంతు మెర్సిడెస్ మెకాంబ్రిడ్జ్ అనే సీనియర్ నటిది. ఆమెకు అప్పటికే ఆస్కార్ వచ్చి ఉంది.

అంటే తెర మీద ఒక్క పిల్లలా కనిపించేది ఒక అమ్మాయి, ఒక డూపు, ఒక బొమ్మ, ఒక పెద్దావిడ గొంతు, గిన్నెడు బఠాణీ సూపు కలిసిన సంగతి. మీ పిల్లలకు ఈ పేరా చదివి వినిపించండి. సగం భయం అక్కడే పోతుంది.

నిజంగా జరిగిన ప్రమాదం

మరి లిండాకు భయం వేసిందా? దెయ్యం అంటే భయం వేయలేదని, అది తనకు ఒక కట్టుకథ మాత్రమేనని ఆమె పెద్దయ్యాక చాలాసార్లు చెప్పారు. ఆమెకు గుర్తుండిపోయినవి వేరే. ఒకటి చలి. రెండోది నడుం నొప్పి.

మంచం మీద పిల్ల శరీరం ముందుకీ వెనక్కీ విసిరేసినట్టు ఊగే దృశ్యం ఒకటి ఉంది. దానికోసం లిండా ఒంటికి బిగించిన పట్టీలను ఒక యంత్రానికి తగిలించారు. మనుషులు ఆ యంత్రాన్ని నడుపుతుంటే ఆమె ఒళ్లు ఊగుతుంది. ఒక టేక్‌లో ఆ కట్టు వదులైంది. యంత్రం ఊపినప్పుడల్లా వెన్నుకు దెబ్బ తగలడం మొదలైంది. లిండా నొప్పితో ఏడ్చింది, ఆపమని అరిచింది.

కథలో కూడా ఆ పిల్ల ఏడవాలి, ఆపమని అరవాలి. అందుకని బాగా నటిస్తోందని అనుకున్నారు. యంత్రం ఆగలేదు. ఆ దెబ్బ తాలూకు బాధ ఏళ్ల తరబడి తనతో ఉందని ఆమె చెప్పారు. అదే సినిమాలో తల్లి పాత్ర వేసిన ఎలెన్ బర్‌స్టిన్‌కు కూడా ఒక దృశ్యంలో నడుముకు దెబ్బ తగిలింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. సెట్‌లో ఉన్నవాళ్లు కిరాతకులేం కాదు. తమ పనిలో ఆరితేరినవాళ్లు. కానీ ప్రతి ఒక్కరి కళ్లూ తమ తమ పని మీదే ఉన్నాయి. ఒకరికి కెమెరా, ఒకరికి యంత్రం, ఒకరికి లైటు. ఆ అరుపు పాత్రదా, పిల్లదా అని కనిపెట్టి, అవసరమైతే వెంటనే ఆపించే అధికారం ఉన్న మనిషి ఆ క్షణంలో లేకపోయారు. లిండా కథలో మనకు పనికొచ్చే మొదటి పాఠం ఇది.

విడుదలయ్యాక మొదలైన కష్టం

1973 డిసెంబర్ 26న సినిమా విడుదలైంది. థియేటర్ల ముందు చలిలో బారులు తీరారు. లోపల కొందరు మూర్ఛపోయారని, కొందరు మధ్యలోనే లేచి వెళ్లిపోయారని పత్రికలు రాశాయి. అమెరికాలో దానికిచ్చిన రేటింగ్ ప్రకారం పదిహేడేళ్లలోపు పిల్లలు పెద్దల తోడు లేకుండా చూడకూడదు. అందులో ముఖ్య పాత్ర వేసిన అమ్మాయికి అప్పటికి పదిహేనేళ్లు కూడా నిండలేదు.

లిండాకు గోల్డెన్ గ్లోబ్ అవార్డు వచ్చింది. ఆస్కార్‌కు ఉత్తమ సహాయ నటిగా నామినేట్ అయింది. ఈలోగా దెయ్యం గొంతు ఎవరిదన్న వివాదం బయటికొచ్చి, ఆ నటనలో లిండా వాటా ఎంత అని పెద్దలు పత్రికల్లో వాదించుకున్నారు. 1974 ఏప్రిల్‌లో ఆ ఆస్కార్ ఇంకో చిన్నపిల్లకు, పదేళ్ల టాటమ్ ఓనీల్‌కు వెళ్లింది.

అవార్డు రాకపోవడం చిన్న విషయం. అసలు బరువు వేరే చోట పడింది. ప్రచారం కోసం ఊరూరా తిరిగినప్పుడు విలేకరులు ఆ పిల్లను దేవుడి గురించి, సైతాను గురించి, మత విశ్వాసం గురించి అడిగారు. పెద్ద పెద్ద పండితులకే తెగని ప్రశ్నలు అవి. సినిమా చేసి ఆ పిల్లకు మతి చెడిందని పుకార్లు పుట్టాయి. చంపుతామని బెదిరింపులు కూడా వచ్చాయి. కొన్ని నెలల పాటు అంగరక్షకులు ఆమె ఇంట్లోనే కాపలా ఉండాల్సి వచ్చింది.

షూటింగ్‌కు ఒక షెడ్యూల్ ఉంది, ప్రతి సీనుకూ ఒక ప్లాన్ ఉంది. సినిమా హిట్టయ్యాక ఆ పిల్ల రోజు ఎలా గడవాలి, ఎవరు ఏం అడగవచ్చు, ఏం అడగకూడదు అన్నదానికి మాత్రం ఎవరి దగ్గరా ప్లాన్ లేదు. ఇది రెండో పాఠం.

ఆ తర్వాత జీవితం

పేరొచ్చింది, కానీ ఒకే రకం పేరు. ఆమె దగ్గరికి వచ్చినవి చాలావరకు కష్టాల్లో చిక్కుకున్న అమ్మాయి పాత్రలే. 1974లో ఒక టీవీ సినిమాలో బాలికల గృహంలో నలిగిపోయే అమ్మాయి, 1975లో ఇంకోదాంట్లో తాగుడుకు బానిసైన టీనేజర్. 1977లో 'ఎగ్జార్సిస్ట్' రెండో భాగం వచ్చింది. అందులో నటించడానికి ఒప్పుకుంది కానీ, ఆ దెయ్యం మేకప్ మాత్రం మళ్లీ వేసుకోనని చెప్పేసింది. ఆ దృశ్యాలకు డూపును పెట్టుకున్నారు. పదమూడేళ్లప్పుడు చెప్పలేకపోయిన 'వద్దు' అన్న మాటను టీనేజ్ దాటేలోగా చెప్పగలిగింది.

అదే ఏడాది చివర్లో మాదకద్రవ్యాల కేసులో అరెస్టయింది. మూడేళ్ల ప్రొబేషన్ విధించారు. ఆ ప్రమాదం గురించి యువతకు బహిరంగంగా చెప్పాలని షరతు పెట్టారు. ఆమె జీవితంలో వచ్చిన ప్రతి ఇబ్బందికీ ఆ ఒక్క సినిమాయే కారణం అనడం న్యాయం కాదు. మనుషుల జీవితాలు అంత సులువుగా లెక్క తేలవు. కానీ చిన్న వయసులో లోకమంతా వేలెత్తి చూపిన పిల్లకు మామూలుగా తప్పటడుగులు వేసి మామూలుగా సర్దుకునే వీలు తక్కువ అన్నది మాత్రం ఒప్పుకోవాలి.

తర్వాత చిన్న బడ్జెట్ హారర్ సినిమాలు చాలా చేశారు. 1990లో తన దెయ్యం పాత్రనే వెక్కిరిస్తూ తీసిన హాస్య చిత్రంలోనూ నటించారు. చివరికి చిన్ననాటి ఇష్టం దగ్గరికే తిరిగి వచ్చారు. 2004లో దిక్కులేని కుక్కలను ఆదుకునే ఒక ఫౌండేషన్ పెట్టారు. 2005లో కత్రీనా తుపాను తర్వాత మిసిసిప్పీ రాష్ట్రానికి వెళ్లి, యజమానులు వదిలేసిన కుక్కలను కాపాడి తెచ్చారు. పశువుల డాక్టర్ కాలేకపోయినా పశువుల మనిషి అయ్యారు.

ఇంకో సెట్, ఇంకో పిల్లవాడు

'ది ఎగ్జార్సిస్ట్' తర్వాత కొన్నేళ్లకు స్టాన్లీ కుబ్రిక్ 'ది షైనింగ్' తీశారు. అది 1980లో విడుదలైంది. అందులో డానీ అనే చిన్నబాబు పాత్ర వేసింది డానీ లాయిడ్. కుబ్రిక్ పెద్ద నటుల చేత ఒకే సీను పదుల సార్లు చేయించే కఠినుడని పేరు. ఆ పిల్లవాడి విషయంలో మాత్రం సెట్ మొత్తం ఒక జాగ్రత్త తీసుకుంది. తాను చేస్తున్నది హారర్ సినిమా అని ఆ బాబుకు తెలియనివ్వలేదు. హోటల్లో ఉండే ఒక కుటుంబం కథ అనుకున్నాడు. తల్లి అతన్ని ఎత్తుకుని తండ్రి మీద కేకలు వేసే దృశ్యంలో బాబు బదులు బొమ్మను ఎత్తుకున్నారు. అసలు సినిమాను అతను ఏళ్ల తర్వాత, టీనేజ్‌లో చూశాడు. తర్వాత నటన వదిలేసి, చదువుకుని, కెంటకీ రాష్ట్రంలో కాలేజీలో బయాలజీ పాఠాలు చెబుతున్నారు.

ఐదారేళ్ల పిల్లవాడికి దాచడం పనిచేసింది. పదమూడేళ్ల పిల్లకు దాచడం కుదరదు, చెప్పి చేయించాలి. ఎంత చెప్పాలన్నది వయసును బట్టి మారుతుంది. పక్కన ఒక కాపు ఉండాలన్నది మాత్రం ఏ వయసుకైనా మారదు.

మన దగ్గర సంగతి

పిల్లను దుష్టశక్తి పట్టే కథలు మనకూ కొత్త కాదు. 1980లో వచ్చిన హిందీ సినిమా 'గెహరాయీ'లో అలాంటి పాత్ర వేసినప్పుడు పద్మినీ కొల్హాపురేకు ఇంచుమించు పదిహేనేళ్లు. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' నవలలో చేతబడికి గురయ్యే పసిపిల్ల తులసిని మీలో చాలామంది చదివే ఉంటారు.

పిల్లల చేత నటింపజేసే విషయంలో ఇప్పుడు మన దేశంలో స్పష్టమైన నిబంధనలు ఉన్నాయి. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లల చేత పని చేయించడాన్ని నిషేధించింది. సినిమా, టీవీ, ప్రకటనల్లో నటించడాన్ని కొన్ని షరతులతో అనుమతించింది. 2017 నియమాల ప్రకారం ముఖ్యమైనవి ఇవి:

• జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ముందుగా తీసుకోవాలి.
• రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు.
• వరసగా 27 రోజులకు మించి పని చేయించకూడదు. చదువు ఆగకుండా ఏర్పాట్లు ఉండాలి.
• ఐదుగురు పిల్లలకు కనీసం ఒక బాధ్యుడు ఉండాలి.
• పిల్లల ఆదాయంలో కనీసం 20 శాతం వాళ్ల పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి.
• పిల్లల ఇష్టానికి వ్యతిరేకంగా ఏ పనిలోనూ పాల్గొనేలా చేయకూడదు.

ఇక చూసే పిల్లల విషయానికి వస్తే, 2023 చట్ట సవరణ తర్వాత మన సెన్సార్ సర్టిఫికెట్లలో యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని వయసుల వారీ విభజన వచ్చింది. సినిమా పెట్టే ముందు ఆ అంకెను ఒకసారి చూడండి.

అయితే ఇంట్లో సరదాగా తీసే రీల్ దగ్గరికి ఏ అధికారీ వచ్చి గడియారం చూడరు. నాటకంలో హిరణ్యకశిపుడి కిరీటం కణతలు నొక్కుతోందో లేదో చట్టం కనిపెట్టదు. అక్కడ మనమే కనిపెట్టాలి.

ఇంట్లో మనం చేయగలిగినవి

ముందే ఒక మాట అనుకోండి. "నేను ఈ మాట అంటే నిజంగా ఆపేయాలి" అని మీ పాప, మీరు, టీచరు ముగ్గురూ ఒక పదం ఒప్పుకోండి. పాత్రకు సంబంధం లేని పదం అయి ఉండాలి. 'ఆవకాయ' అనుకున్నా సరే. నాటకంలో ఏడుపు ఉన్నా, అరుపు ఉన్నా, ఆ పదం వినపడితే అందరూ ఆగాలి.

'తర్వాత' గురించి కూడా ఆలోచించండి. ఆడిషన్‌కు తీసుకెళ్లే ముందు, వీడియో పోస్ట్ చేసే ముందు ఈ ప్రశ్న వేసుకోండి: ఇది బాగా పేలితే రేపు క్లాసులో నా బిడ్డను ఏమని పిలుస్తారు? ఆ పేరు వాడికి రెండేళ్ల తర్వాత కూడా నచ్చుతుందా?

పాత్రను ఇంటికి రానివ్వకండి. స్టేజీ దిగాక మేకప్ కడిగించి, అసలు పేరుతో పిలవండి. బంధువులు వచ్చినప్పుడల్లా "ఆ రాక్షసి నవ్వు ఒకసారి నవ్వి చూపించు" అని అడగకండి.

భయపడిన బిడ్డను వెక్కిరించకండి. మరీ చిన్నపిల్లలకు "అది అబద్ధం" అన్న వివరణ పెద్దగా ఎక్కదు. పక్కన పడుకోవడం, చిన్న లైటు ఉంచడం ఎక్కువ పనిచేస్తాయి. ఏడెనిమిదేళ్లు దాటినవాళ్లకు ఎలా తీశారో చెబితే భయం కాస్తా కుతూహలంగా మారుతుంది.

రిహార్సల్ గురించి మీ బిడ్డ ఇంట్లో ఏదైనా ఇబ్బంది చెబితే, "అందరూ చేస్తున్నారు కదా" అని సర్దిచెప్పకుండా స్కూల్ డైరీలో రాయండి. క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. పట్టీ వదులైన సంగతి తెర మీద కనిపించదు, పిల్ల చెబితేనే తెలుస్తుంది.

చివరిగా, పాప అడిగిన ప్రశ్నకు

2023లో, మొదటి సినిమా వచ్చిన యాభై ఏళ్లకు, 'ది ఎగ్జార్సిస్ట్: బిలీవర్' అనే కొత్త భాగం వచ్చింది. అందులో దెయ్యం పట్టే పాత్రలు వేసింది ఇద్దరు అమ్మాయిలు. వాళ్లు క్షేమంగా, నిబ్బరంగా ఆ పని చేసేలా చూడటానికి సినిమా బృందం ఒకరిని సలహాదారుగా పిలిచింది. ఆమె లిండా బ్లెయిర్. ఒకప్పుడు తన పక్కన లేని మనిషి స్థానంలో, ఇంకో ఇద్దరు పిల్లల కోసం ఆమె వెళ్లి నిలబడ్డారు.

కాబట్టి ఈసారి అన్నం దగ్గర ఆ ప్రశ్న వస్తే ఇలా చెప్పవచ్చు: "ఆ పాపకి దెయ్యం అంటే భయం వేయలేదమ్మా. అది కథ అని తనకి తెలుసు. చలేసింది, నడుం నొప్పెట్టింది. చెబితే అప్పుడు ఎవరూ సరిగ్గా వినలేదు. నువ్వు చెబితే మేం వింటాం."

ఈ నెల ఇంటి సరదా: గుప్పెడు పచ్చి బఠాణీలు ఉడికించి మెత్తగా రుబ్బండి. రెండు చెంచాల ఓట్స్ కలపండి. కోట్లమందిని హడలెత్తించిన 'దెయ్యం వాంతి' సిద్ధం. కాస్త ఉప్పు, మిరియాల పొడి వేస్తే పిల్లలే తాగేస్తారు.